కోలారు గనిలో రాతికి కాక పరీక్ష

కె.జి.ఎఫ్.: చిత్తూరు జిల్లా సరిహద్దు దాటి కొద్ది దూరం వెళితే కోలారు బంగారు గనులు. తెలుగువారు, తమిళులు తరతరాలుగా దిగి పనిచేసిన చోటు. బంగారం కోసం తవ్విన ఈ గనుల్లో 1980ల దశకంలో మరో పని కూడా జరిగిందన్న సంగతి చాలామందికి తెలియదు.

తవ్వకం నిలిపివేసిన ఒక భాగంలో, సుమారు 1000 మీటర్ల లోతున, భాభా అణు పరిశోధన కేంద్రం శాస్త్రజ్ఞులు రాతిలో హీటర్లు అమర్చి వేడి చేశారు. యాభై తాటిచెట్లను ఒకదానిపై ఒకటి నిలబెట్టినంత లోతు అది. అణు వ్యర్థం ఇచ్చే వేడిని ఆ హీటర్లతో ఇచ్చి, రాయి ఎలా తట్టుకుంటుందో కొన్నేళ్లపాటు కొలిచారు.

అణు విద్యుత్ కేంద్రాల్లో వాడిన ఇంధనాన్ని శుద్ధి చేశాక తీవ్రమైన వ్యర్థ ద్రవం మిగులుతుంది. దానిని గాజుతో కలిపి కరిగించి, స్టీలు డబ్బాల్లో పోస్తారు. ఆ డబ్బాలు దశాబ్దాల తరబడి వేడిగానే ఉంటాయి. అందులోని సీసియం తీవ్రత సగానికి తగ్గడానికే 30 ఏళ్లు; ప్లుటోనియానికైతే 24,000 ఏళ్లు. అందుకే వాటిని లోతైన రాతిలో దాచాలని ఆలోచన.

చిక్కల్లా నీటితోనే. బోరు వేయించిన రైతుకు ఇది చెప్పనక్కరలేదు. గట్టి బండలో సన్నని పగులు తగిలితే చాలు, నీరు పడుతుంది. రైతు కోరుకునే ఆ పగులే ఇక్కడ శత్రువు. వేడికి రాయి చిట్లితే నీరు చేరుతుంది, నీటితోపాటు విషం కదులుతుంది.

గనులు 2001లో మూతబడ్డాయి. 2012 నవంబరులో కూడంకుళం కేసు విచారణలో, వ్యర్థాలు దాచే చోటుగా కోలారు గనుల పేరు సుప్రీంకోర్టులో వినిపించింది. జనం భగ్గుమన్నారు. అప్పటికే సైనైడు మట్టిదిబ్బల దుమ్ము పీలుస్తున్నవారికి ఆ మాట ఎలా ఉంటుంది! అటువంటి యోచనేదీ లేదని కేంద్రం ప్రకటించింది. వెనుక జరిగిన పరీక్ష ఏమిటో ఊరివారికి ముందే విడమరిచి చెప్పి ఉంటే ఇంత కలవరం ఉండేది కాదేమో.

ఫిన్లాండులో యూరాయోకి అనే ఊరి కౌన్సిలు 2000లో ఒప్పుకున్నాకే, 2001లో పార్లమెంటు ఇలాంటి నిల్వకు సరేనంది. 2004లో తవ్వకం మొదలైంది. 400 మీటర్లకు పైగా లోతున సొరంగాలు తయారయ్యాయి.

మన దేశంలో ఇటువంటి నిల్వ ఇంకా ఎక్కడా లేదు. గాజు డబ్బాలను ప్రత్యేక నిల్వశాలల్లో చల్లారబెడుతున్నారు. కోలారులో పంపులు ఆగిపోయాక గనులు నీటితో నిండాయి.