సయాం రైలు దారిలో ఒక రోజు

మా మామ్మ తన అన్నగారి మాట వచ్చినప్పుడల్లా ‘మా పెద్దన్న సయాం పోయాడు’ అనేది. చనిపోయాడని మాత్రం ఏనాడూ అనలేదు. అన్నగారిని పేరు పెట్టి చెప్పుకోవడం ఆ తరంలో లేదు గనక ఆయన పేరు ఆవిడ నోట మేం వినలేదు. అడగాలన్న బుద్ధి మాకు పుట్టేసరికి చెప్పేవాళ్ళు మిగల్లేదు. దిగువ పేరాక్‌లో కొబ్బరి తోటలో పని, 1943లో జపాను వాళ్ళ రైలు పనికి ప్రయాణం. మా ఇంట్లో మిగిలిన చరిత్ర ఇంతే.

ఆ సయాం, అంటే ఇప్పటి థాయిలాండ్, ఎలా ఉంటుందో చూడాలని కిందటి డిసెంబరులో మేం తొమ్మిదిమందిమి కౌలాలంపూర్ నుంచి బ్యాంకాక్ వెళ్ళి, అక్కడ ఒక వ్యానూ గైడునూ మాట్లాడుకుని ఒక రోజు యాత్ర చేసొచ్చాం. మన సంచిక చదివే కుటుంబాల్లో ఏటా బ్యాంకాక్ వెళ్ళేవాళ్ళు చాలామందే ఉన్నారు. షాపింగులోంచి ఒక్కరోజు తీసి ఇటు వెళ్ళమని చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

పొద్దున్న 6కి బయల్దేరితే 130 కిలోమీటర్లు, రెండున్నర గంటలు. ఊరి పేరు కాంచనబురి. ‘బురి’ అంటే మన పురే. బంగారు ఊరు! పేరు చదవగానే మాలో ఒకాయన ‘మన కాంచనపురి’ అని మురిసిపోయారు. ఆ మురిపెం మధ్యాహ్నం దాకా నిలవలేదు.

అసలు ఆ రైలు ఎందుకు వేశారో ముందు చెప్పాలి. 1942 ఫిబ్రవరి 15న సింగపూరు, మార్చి 8న రంగూను జపాను చేతికి వచ్చాయి. బర్మాలో ఉన్న సైన్యానికి తిండీ తూటాలూ చేరాలంటే మలక్కా జలసంధి గుండా ఓడల్లో పంపాలి. ఆ దారిలో శత్రువుల జలాంతర్గాములు కాపు కాశాయి. అందుకని థాయిలాండ్‌లోని నాంగ్ ప్లాదుక్ నుంచి బర్మాలోని తన్‌బ్యుజయాత్ దాకా కొండలూ అడవులూ చీల్చుకుంటూ 415 కిలోమీటర్ల మీటరుగేజి దారి తలపెట్టారు. బర్మా తర్వాత వాళ్ళ చూపు మన దేశం మీదే. ఆ ఏడాది ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు పడ్డది ఈ కథలో భాగమే. 1942 జూన్‌లో మొదలైన పని 1943 అక్టోబరు 17న పూర్తయింది. రెండు వైపుల నుంచి వేసుకొచ్చిన పట్టాలు ఆ రోజు కలిశాయి. 16 నెలలు. యంత్రాలు లేవు, మనుషులే.

ఆ మనుషుల్లో 60 వేలకు పైగా బ్రిటిష్, ఆస్ట్రేలియా, డచ్, అమెరికా యుద్ధఖైదీలు. వాళ్ళలో 12 వేలమందికి పైగా చనిపోయారు. వాళ్ళకు మూడింతలకు మించి ఆసియా కూలీలు: బర్మీయులు, జావా వాళ్ళు, మలయా నుంచి తెచ్చినవాళ్ళు. చనిపోయిన కూలీలు సుమారు 90 వేలని అంచనా. మలయా నుంచి వెళ్ళినవాళ్ళు జపాను లెక్కల ప్రకారమే 78 వేల పైచిలుకు, పోయినవాళ్ళు దాదాపు 30 వేలు. వీళ్ళలో ఎక్కువమంది తోటల నుంచి వచ్చిన తమిళులు, మన తెలుగువాళ్ళు. విశాఖ, కాకినాడ, మద్రాసు రేవుల్లో ఓడలెక్కి వచ్చినవాళ్ళూ వాళ్ళ పిల్లలూ. యుద్ధంతో రబ్బరు ఎగుమతి ఆగిపోయి తోటల్లో పని లేదు. రోజుకి ఒక డాలరు, మూడు నెలల ఒప్పందం అన్నారు. మొదట కొందరు నమ్మి వెళ్ళారు. వెళ్ళినవాళ్ళు తిరిగి రాకపోవడంతో తర్వాత ఎవరూ కదల్లేదు. అప్పుడు లారీలు వచ్చి తోటల్ని చుట్టుముట్టడం మొదలైంది. ఉచితంగా సినిమా చూపిస్తామని పిలిచి తలుపులు మూసి ఎక్కించుకుపోయారన్న కథ తోటల్లో పెద్దవాళ్ళందరికీ తెలుసు.

యాత్రలో మొదటి మజిలీ ఊరి నడుమ డాన్ రక్ శ్మశానవాటిక. కత్తిరించినట్టున్న పచ్చిక, ప్రతి సమాధి పక్కన ఒక పూలమొక్క, పొట్టి రాతిమీద కంచు పలక, పలకమీద పేరు, వయసు, రెజిమెంటు. ఇలా దాదాపు 7 వేలు. వయసులు చదువుకుంటూ పోతే నడక దానంతటదే నెమ్మదిస్తుంది: 22, 24, 21. ముఖద్వారం దగ్గర రిజిస్టరు ఉంటుంది. పేరు తెలిస్తే ఏ వరసలో ఎన్నో సమాధో దొరికిపోతుంది. మా ముందున్న ఒక తెల్లజంట అలాగే వెతుక్కుని పూలు పెట్టి వచ్చారు. మా గైడు యాభై దాటిన థాయ్ మహిళ. ‘మీవాళ్ళెవరైనా ఉన్నారా, పేరు చెప్పండి’ అని మామూలుగానే అడిగింది. ఉన్నారని చెప్పగలిగాను గానీ ఎవరని చెప్పలేకపోయాను. పేరు తెలిసినా ఆ రిజిస్టరులో ఉండదు లెండి. అది సైనికుల శ్మశానం. ముఖద్వారం లోపలి గోడమీద అవిభక్త భారతదేశపు సైనికులు 11 మంది పేర్లున్నాయి, అంతవరకే. అది కూడా వాళ్ళ సమాధులు వేరేచోట, సంరక్షణ వీలుకాని ముస్లిం శ్మశానాల్లో ఉండిపోయాయి గనక.

రోడ్డు పక్కనే థాయిలాండ్–బర్మా రైల్వే సెంటర్ అనే మ్యూజియం ఉంది. ఆస్ట్రేలియాకు చెందిన రాడ్ బీటీ అనే ఇంజనీరు 2003లో తెరిచాడు. ఆ రైలుదారినంతా కాళ్ళతో కొలిచిన మనిషి. తక్కిన మ్యూజియాలు మానేసినా ఇది మానకండి. ఆసియా కూలీల గోడు కూడా ఇక్కడ సూటిగా చెబుతారు.

ఆ పక్కనే వాట్ థావర్న్ వరారామ్ అనే గుడికి వెళ్ళమని మేం పట్టుబట్టాం, మామూలు టూరు జాబితాలో ఉండదది. ఊరి చుట్టుపక్కల దొరికిన కూలీల ఎముకల్ని పోగుచేసి పెట్టిన స్తూపం అక్కడుంది. పేర్లు లేవు. 2023లో తమిళులు పూనుకుని అక్కడ ఒక ‘నడుకల్’ నిలబెట్టారు. మన పల్నాటి వీరగల్లు లాంటిది. వాళ్ళను చూసి అసూయ పడలేదంటే అబద్ధం. అక్కడ నిలబడి దణ్ణం పెట్టుకున్నాం. మలయా నుంచి ఒకే గూడ్సుపెట్టెలో వచ్చిన వాళ్ళకి చావులోనూ భాష అడ్డం రాదు కదా. ఖైదీలు రాసుకున్న జ్ఞాపకాల్లో అయితే దక్షిణాది కూలీలంతా ‘తమిళులే’.

ఇక వంతెన. క్వై నది వంతెన కథగా వచ్చిన సినిమావల్ల ప్రపంచమంతా ఎరిగిన వంతెన, యాత్ర మొత్తంలో నాకు తక్కువ నచ్చింది కూడా ఇదే. సెల్ఫీల తొక్కిసలాట. పైగా 1957 నాటి ఆ సినిమా తీసింది ఇక్కడ కాదు, సిలోన్‌లో. నది పేరూ అసలు వేరే, అది మే క్లాంగ్. సినిమా చూసి వచ్చినవాళ్ళు క్వై నది ఏదని అడుగుతూంటే విసిగి, 1960ల్లో పేరే మార్చేశారు. అసలు మాట ‘క్వే’, ఉపనది అని. ఇంగ్లిషువాళ్ళు పలికే ‘క్వై’ థాయ్ భాషలో గేదె. ఇది చెబుతూ మా గైడు ఆ రోజుకి మొదటిసారి నవ్వింది. ఒంపు తిరిగిన ఇనుప కమానులు జావా నుంచి తెచ్చినవి, నడుమ కోణాలుగా ఉన్న రెండూ బాంబు దాడుల తర్వాత యుద్ధమయ్యాక కొత్తగా వేసినవి. దగ్గర్లో 1944లో జపాను సైన్యమే కట్టించిన స్మారకం ఉంది. చనిపోయినవారి భాషల్లో రాయించిన పలకల్లో తమిళం ఉంది, తెలుగు లేదు.

పదిన్నర దాటాక కాంచనబురిలో రైలెక్కాం. వ్యాను ముందే పోయి నామ్ తోక్‌లో కాచుకుంటుంది. మూడో తరగతి, చెక్క బల్లలు, తెరిచిన కిటికీలు. కర్రపెండలం తోటలూ చెరకు తోటలూ గడిచాక దారి క్వే నోయ్ నది ఒడ్డుకు చేరుతుంది. ఎడమపక్క కూర్చోండి. తామ్ క్రసే దగ్గర కొండ నిట్టనిలువుగా నదిలోకి దిగుతుంది. పట్టాలకు చోటు లేదు. కొండ అంచు పొడుగునా దుంగలు నిలబెట్టి, వాటి మీద దారి వేశారు. రైలు నడక వేగానికి దిగి, దుంగలు కిర్రుమంటుంటే ఒకవైపు చేత్తో తాకేంత దగ్గర్లో రాయి, రెండోవైపు కింద పచ్చటి నీరు. పెట్టెలో అందరూ ఫోన్లు బయటికి చాపారు. ఇంత అందమైన చోటు ఇంత చెడ్డ పనికి దొరికిందే అనిపించింది.

నామ్ తోక్ అంటే జలపాతం. రైలు ఇక్కడితో సరి. యుద్ధం తర్వాత పై పట్టాలు పీకేశారు. భోజనమయ్యాక వ్యానులో 20 కిలోమీటర్లలోపే హెల్‌ఫైర్ పాస్. ఆస్ట్రేలియా ప్రభుత్వం 1998లో ఇక్కడ స్మారక మ్యూజియం కట్టింది. ప్రవేశం ఉచితం, చెవికి పెట్టుకునే ఆడియో గైడూ ఉచితమే. సాయంత్రం 4కే మూసేస్తారు, అందుకే వంతెన దగ్గర కాలం పారేసుకోవద్దనేది.

మ్యూజియం వెనకనుంచి చెక్కమెట్లు దిగుతూ వెదురడవిలోకి పోవాలి. డిసెంబరు గాలికి వెదురు బొంగులు ఒకదానికొకటి రాసుకుని మూలిగే చప్పుడు తప్ప మరేం లేదు. మెట్ల దిగువన పాత రైలుదారి, కాలి కింద అప్పటి కంకరే. నాలుగడుగులు వేసేసరికి రెండు పక్కలా రాతిగోడలు లేస్తాయి. పట్టాల కోసం కొండను తొలిచిన కటింగు అదే, హెల్‌ఫైర్ పాస్ అంటే ఇదే: సుమారు 75 మీటర్ల పొడవు, 25 మీటర్ల లోతు. 1943 ఏప్రిల్ ఆఖరున మొదలుపెట్టి 12 వారాల్లో తొలిచారు. ఒకడు ఉక్కుకడ్డీ పట్టుకుని తిప్పుతూ ఉండాలి, ఇంకొకడు సమ్మెటతో దానిమీద కొట్టాలి. అలా బెజ్జం వేసి, మందు కూరి పేల్చి, ముక్కల్ని చేతులతో ఎత్తిపోయాలి. ఆ వేసవిలో జపాను ఇంజనీర్లు ‘స్పీడో’ అంటూ తొందరపెట్టారు. పని రాత్రుళ్ళూ సాగింది. వెదురు దివిటీల వెలుగులో ఎముకలగూళ్ళలాంటి మనుషులు కదులుతుంటే పైనుంచి చూసినవాళ్ళకి నరకంలా కనిపించిందట, హెల్‌ఫైర్ అన్న పేరు అలా వచ్చింది. రాతిగోడలో విరిగి ఇరుక్కుపోయిన ఒక కడ్డీ ముక్క ఇప్పటికీ ఉంది. వేలితో తాకాను. ఎవరు కొట్టిన దెబ్బకి విరిగిందో.

ఈ కటింగు తొలిచింది ఎక్కువగా బ్రిటిష్, ఆస్ట్రేలియా ఖైదీలు, మన కూలీలూ కలిశారు. ఖైదీలకు కనీసం వాళ్ళ డాక్టర్లు వెంట ఉన్నారు. హింతోక్ శిబిరంలో ‘వియరీ’ డన్‌లప్ అనే ఆస్ట్రేలియా సర్జను రోగుల్ని పనికి పంపనని గార్డులకు ఎదురు నిలిచాడు. 1993లో ఆయన పోయాక చితాభస్మంలో కొంత తెచ్చి ఇక్కడే కలిపారు. తోట కూలీలకు డాక్టరు లేడు, తమ తరఫున మాట్లాడే అధికారి లేడు, వానాకాలంలో కలరా వచ్చినప్పుడు నీళ్ళు కాచి తాగమని చెప్పేవాడూ లేడు. మరణాల లెక్కలో తేడా అక్కడే వచ్చింది. తుపాకులకంటే ఎక్కువగా చంపింది కలరా, విరేచనాలు, మలేరియా, ఆకలి.

కటింగు దాటి ఇంకా నడవగలిగితే తప్పక నడవండి. చాలా టూర్లు ఇక్కడే వెనక్కి తిప్పేస్తాయి. మేం ముందే మాట్లాడుకున్నాం గనక రెండు గంటలు దొరికాయి. దారి కొండవాలు వెంబడి పోతుంది. ఒకచోట క్వే నోయ్ లోయ మొత్తం కనిపిస్తుంది, దాటితే బర్మా కొండలు నీలంగా. చెక్క వంతెన మూడుసార్లు కూలి ‘పేకముక్కల వంతెన’ అనిపించుకున్న చోటు, హింతోక్ కటింగు, అన్నీ ఈ దారిలోవే. బూట్లు గట్టివి వేసుకోవాలి, నీళ్ళు మోసుకుపోవాలి, మోకాళ్ళనొప్పులవాళ్ళు తిరుగుమెట్లు ఆలోచించుకోవాలి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అనువు. వానల్లో పోతే ఆ కూలీల కష్టం కాస్త అర్థమవుతుందేమో గానీ జారిపడతారు.

ఈ కొండల్లోని సున్నపురాతి గుహల్లో మరో వింత ఉంది. బంబుల్బీ గబ్బిలం, పొడవు మూడు సెంటీమీటర్లు, బరువు రెండు గ్రాములు, గబ్బిలాల్లోకెల్లా చిన్నది. శాస్త్రవేత్తలకు తెలిసింది 1970ల్లోనే. పక్కనే వేలమంది చస్తూ బతుకుతున్న రోజుల్లో కూడా ఆ గుహల్లో అది వేలాడుతూ ఉండి ఉంటుంది.

తిరుగుదారిలో సాయ్ యోక్ నోయ్ జలపాతం. రోడ్డు పక్కనే, పిల్లలు నీళ్ళలో దూకుతున్నారు, పక్కన పాత ఆవిరి ఇంజను ఒకటి నిలబెట్టారు. చల్లటి నీళ్ళలో కాళ్ళు పెట్టుక్కూర్చుంటే ఒళ్ళు తేలికపడింది. ఏడు అంచెల ఎరవాన్ జలపాతం ఇంతకంటే గొప్పది. పేరు కూడా మన ఐరావతమే, మూడు తలల ఏనుగు. కానీ అది వేరే దిక్కు. ఎరవాన్‌నీ హెల్‌ఫైర్ పాస్‌నీ ఒకే రోజులో చూపిస్తామనే టూర్లు కటింగులో మీకు ఇరవై నిమిషాలు కూడా ఇవ్వవు. ఎరవాన్‌కి ఇంకో రోజు పెట్టుకోండి. రాత్రి 8 దాటాక బ్యాంకాక్ చేరాం.

మలేసియాలో పుట్టిన మనవాళ్ళ పత్రాల్లో ఇంటిపేరు ఉండదు, ఫలానా వారి కొడుకు, ఫలానా వారి కూతురు అనే ఉంటుంది. సయాం పోయినవాళ్ళకి ఆ పత్రమూ లేదు. వాళ్ళ పేర్లు ఎక్కడైనా మిగిలి ఉంటే మన ఇళ్ళలోనే, ఎనభై తొంభై దాటినవాళ్ళ నోటనే. మీ ఇంట్లో ‘సయాం పోయాడు’ అన్న మాట ఎప్పుడైనా వినబడి ఉంటే, ఈ పండక్కి వెళ్ళినప్పుడు అడిగి పేరు, ఇంటిపేరు, తోట పేరు, దేశంలో ఊరు రాసి మన సంఘానికి పంపండి. వచ్చే సంచికలో వరసగా అచ్చువేద్దామని కార్యవర్గాన్ని అడిగాను, ఒప్పుకున్నారు. మొదటి కాగితం నేనే ఇచ్చాను. అందులో పేరుండాల్సిన చోట ‘పెద్దన్న’ అని ఉంది.