కోర్టుకి వాటం పెట్టడం

టాంపాలో మా కాలనీ పికిల్‌బాల్ కోర్టుకి సొంత చెరువు ఉంది. నెట్‌కి ఎడమ పక్క, కిచెన్ గీతని (నెట్ ముందు వాలీ కొట్టకూడని జాగా హద్దుని) ఆనుకుని, చాటంత ఉంటుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఇక్కడ మధ్యాహ్నం ఉరుముల వాన దాదాపు రోజువారీ సంగతే. వాన వెలిసి ఎండ కాసి, కోర్టంతా ఆరినా ఆ చెరువు ఆరదు. ఎవరో ఒకరు ఇంట్లోంచి వైపర్ తెచ్చి నీళ్లు తోస్తుంటే మిగతావాళ్లం ప్యాడిల్స్ ఊపుకుంటూ నిలబడతాం. మన ఊళ్లో డాబా మీద నీళ్లు నిలిస్తే ‘వాటం సరిగ్గా పెట్టలేదు’ అని మేస్త్రిని నిలదీస్తాం. ఇక్కడా జరిగింది అదే. ఇప్పుడు మన తెలుగు సంఘం స్థలంలో రెండు కోర్టులు కట్టుకుందామన్న మాట నడుస్తోంది కనక, వైపర్ పట్టుకుని నేను నేర్చుకున్న నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

1965లో వాషింగ్టన్ రాష్ట్రంలోని బెయిన్‌బ్రిడ్జ్ దీవిలో, ఒకరి పెరట్లోని బ్యాడ్మింటన్ కోర్టు మీద పుట్టిన ఆట ఇది. కొలతలూ బ్యాడ్మింటన్ డబుల్స్‌వే: 20 అడుగుల వెడల్పు, 44 అడుగుల పొడవు. పరుగెత్తే జాగా కలుపుకుంటే ఒక్కో కోర్టుకి కనీసం 30 బై 60 అడుగులు కావాలి. 34 బై 64 దొరికితే హాయి. పొడవు ఉత్తర దక్షిణాలుగా ఉంటే పొద్దు వాలేటప్పుడు ఎవరి కళ్లలోకీ ఎండ కొట్టదు. వాస్తు చూసే పెద్దలకి కూడా ఇందులో పేచీ ఉండదనుకుంటాను.

అసలు సంగతి వాటం. వందకి ఒకటి చొప్పున పెట్టాలి. 30 అడుగుల వెడల్పులో ఒక అంచు రెండో అంచుకంటే సుమారు మూడున్నర అంగుళాలు దిగుతుంది. ఆడేవాడికి తెలియదు గానీ నీటికి తెలుస్తుంది. కోర్టు మొత్తం ఒకే పలకలా ఒక పక్కకి వాలాలి. నెట్ దగ్గర ఎత్తు చేసి చెరో వైపూ పల్లం చేస్తే ఆట చెడుతుంది. రంగు వేయకముందే కోర్టు నిండా నీళ్లు పారించి, ఎండలో గంటసేపు వదిలేసి చూడాలి. పడేసిన ఐదు సెంట్ల నికెల్ బిళ్ల మునిగేంత నీరు ఎక్కడ మిగిలితే అక్కడ సరిచేయాలి. అలాంటి గుంటని ఇక్కడ ‘బర్డ్‌బాత్’ అంటారు. పేరు ముద్దుగానే ఉంది. మా కోర్టుకి ఈ పరీక్ష ఎవరూ చేయలేదు. రంగు వేశారు, చెక్కు పట్టుకుని వెళ్లిపోయారు.

పైనుంచి పడే నీళ్లు కళ్లకి కనపడతాయి కాబట్టి తిట్టుకోవచ్చు. కింది నీళ్లతోనే చిక్కు. ఫ్లోరిడా తీరంలో చాలాచోట్ల కొద్ది అడుగులు తవ్వితేనే నీరు తగులుతుంది. ఆ తేమ ఆవిరై కాంక్రీటు గుండా పైకి వస్తుంది. పైన అక్రిలిక్ రంగు మూతలా ఉంటే దాన్ని తోసుకుంటూ వచ్చి బొబ్బలు లేపుతుంది. అందుకే కాంక్రీటు పోసేముందు కింద మందపాటి ప్లాస్టిక్ షీట్ పరవాలి. పోశాక 28 రోజులైనా ఆగి అప్పుడు రంగు వేయాలి. రంగు పని నవంబరు తర్వాతి పొడి నెలల్లో పెట్టుకుంటే వాన భయం తక్కువ. కాంట్రాక్టరు ఎంత తొందరపెట్టినా సరే, జూలైలో వేయించకండి.

కాంక్రీటులో ఇనుము సంగతి కాకినాడ, భీమిలి వాళ్లకి నేను చెప్పక్కర్లేదు. ఉప్పు లోపలికి దిగి ఊచ తుప్పు పడుతుంది. తుప్పు ఉబ్బి కాంక్రీటుని పగలగొడుతుంది. శ్లాబు కింద పెచ్చులూడి ఊచలు బయటపడ్డ ఇళ్లు మనం చూసినవే. ఇక్కడ మంచి కోర్టులకి పోస్ట్‌టెన్షన్ పద్ధతి వాడతారు. గ్రీజు పూసి ప్లాస్టిక్ తొడుగు వేసిన అరంగుళం కేబుళ్లని కాంక్రీటు గట్టిపడ్డాక ఒక్కొక్కటి సుమారు 33,000 పౌండ్ల బలంతో లాగి బిగిస్తారు. ఆ బిగువుకి పగుళ్లు నోరు తెరవవు. తీరంలో కేబుల్ చివర్లకి కూడా నీరు చొరకుండా సీలు వేయించాలి. తర్వాతెప్పుడో కొత్త స్తంభం కోసం డ్రిల్లు పెట్టి ఆ కేబుల్‌ని తెంపితే మాత్రం ప్రాణాపాయం. తారు కోర్టు చవకే, కానీ త్వరగా పగుళ్లిస్తుంది. హ్యూస్టన్ వాళ్లది ఇంకో బాధ. అక్కడి మట్టి మన నల్లరేగడికి అన్న. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలు విచ్చుతుంది. అక్కడ కోర్టుకంటే ముందు మట్టిని బాగుచేయాలి.

కంచెకి ఉత్త గాల్వనైజ్డ్ తీగ చాలదు, దానిమీద వినైల్ తొడుగు ఉన్నది తీసుకోండి. బోల్టులు, నెట్ బిగించే మర కొనేటప్పుడు 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు అని అడగండి. అయితే అల్యూమినియం స్తంభానికి స్టీలు బోల్టు నేరుగా బిగిస్తే ఉప్పుగాలిలో అల్యూమినియాన్ని తినేస్తుంది. రెండూ తగలకుండా మధ్యలో ప్లాస్టిక్ వాషరూ, తొడుగూ వేయించాలి.

రోజువారీ పనిలో గొప్ప విద్యేమీ లేదు. ఆకులు ఊడ్చాలి. ఓక్ ఆకులు తడిసి పడి ఉంటే టీ మరకలా పట్టేస్తాయి. నీడపట్టున పాకుడు పడితే పలచని బ్లీచ్ నీళ్లు, మెత్తని బ్రష్షు, తర్వాత శుభ్రంగా కడగడం. ప్రెషర్ వాషర్‌ని దగ్గరగా పెట్టి కొడితే పాకుడుతోపాటు రంగూ పోతుంది. పక్కన పచ్చికకి బోరునీళ్ల స్ప్రింక్లర్లు ఉంటే వాటి తలలు కోర్టు వైపు కాకుండా తిప్పండి. ఆ నీళ్లలోని ఇనుము నీలి కోర్టు మీద నారింజ చారలు గీస్తుంది. ఇవన్నీ చేసినా నాలుగు నుంచి ఎనిమిదేళ్లలో పైపూత మళ్లీ వేయించాల్సిందే. ఆ డబ్బు మొదటి రోజు నుంచే పక్కన పెట్టుకోవాలి.

ఇక గాలి. బంతి పాతిక గ్రాములకి అటూ ఇటూ ఉంటుంది. సముద్రపు గాలికి దారి తప్పుతుందని కంచెకి తెర కడతాం. తుపాను గాలికి ఆ తెర తెరచాపై స్తంభాల్ని వంచుతుంది. గట్టి తీగతో కట్టకుండా, గాలి హద్దు మీరితే తెగిపోయే ప్లాస్టిక్ కట్లతో కట్టాలి. హెచ్చరిక రాగానే విప్పేయాలి. తుపానుల కాలం జూన్ 1న మొదలవుతుంది కనక మే నెలాఖరుకే ఒక కాగితం రాసి తలుపుకి అంటించాలి: నిచ్చెన ఎవరింట్లో ఉంది, తెర విప్పేది ఎవరు, నెట్లు ఎవరి గరాజ్‌లో పెట్టాలి. 2024 అక్టోబరు 9 రాత్రి మిల్టన్ తుపాను తీరం దాటినప్పుడు మా దగ్గర ఆ కాగితం లేదు. ఎవరో ఒకరు విప్పుతార్లే అని అందరం అనుకున్నాం. తెల్లారి వెళ్లి చూస్తే తెర చెక్కుచెదరలేదు, నాలుగు స్తంభాలు వంగి ఉన్నాయి.