అవ్వ చేతి వణకు - మెదడులోని మురుగు

తూంకుంట యను పేరునందే తూమును గలదు, కుంటయు గలదు. హైదరాబాదు నుండి శామీరుపేటకు బోవు బాటలోని యీ యూరి సోదరీమణులకు, తూమునకు పూడిక యడ్డుపడిన నీరెట్లు మురిగిపోవునో వేఱుగ జెప్పనక్కఱలేదు. మెదడునకును అట్టి మురుగు పాఱుదల గలదని 2012వ సంవత్సరమున అమెరికాలోని రోచెస్టరు విశ్వవిద్యాలయమున మైకెన్ నెడెర్‌గార్డ్ అను విదుషీమణియు, ఆమె సహచరులును చిట్టెలుకలయందు పరీక్షించి తెలిపిరి. తేటనీటివంటి ద్రవము రక్తనాళముల వెంబడి మెదడులోనికి జొచ్చి, కణములు విడిచిన మలినమును గడిగి వెలికి గొనిపోవునట! నిద్రలో నీ పని మిక్కిలి చురుకుగా సాగునని 2013లో వారే వ్రాసిరి. 2024లో లండనునందలి శాస్త్రజ్ఞులు కొందఱు ఇందులకు విరుద్ధమైన ఫలితమును గనిరి గావున తగవింకను దీరలేదు.

ఇక మన యవ్వల చేతి వణకునకు దీనితో నేమి సంబంధము? 1817లో జేమ్సు పార్కిన్‌సన్ అను ఆంగ్ల వైద్యుడు వర్ణించిన యీ కంపవాతమున, ఆల్ఫా సిన్యూక్లీన్ అను మాంసకృత్తు మెదడు కణములలో ఉండలు గట్టును. డోపమిన్ అను రసమును బుట్టించు కణములు క్రమముగా నశించును. మెదడులో మైక్రోగ్లియా యను కావలి కణములు గలవు. చెత్తను మ్రింగి శుభ్రపఱచుట వాని పని. చెత్త మితిమీఱినపుడు అవి రేగి, విషపదార్థములను విడిచి, ఇరుగుపొరుగు కణములనే గాయపఱచును. దొంగను బట్టబోయిన కావలివాడు ఇంటివారినే కొట్టినట్లు! దీనినే వైద్యులు శోథ యందురు. 1988లో కెనడాయందు మెక్‌గీర్ దంపతులును, వారి సహచరులును, మరణించిన రోగుల మెదళ్లలో ఇట్లు రేగిన కణములను విస్తారముగా జూచిరి. పాఱుదల మందగించుటచే ఉండలు పేరుకొనునో, ఉండల వలన పాఱుదలయే చెడునో, రెండును నొకదాని నొకటి పెంచునో పరిశోధకులు విచారించుచున్నారు.

గృహిణి గమనింపవలసినది వేఱొకటి గలదు. వణకు పుట్టుటకు ఏండ్ల ముందే కొందఱు నిద్రలో కేకలిడుదురు, కలలోని కొట్లాటకు దగినట్లు చేతులు విసరుదురు. పోపు మాడుచున్నను వాసన దెలియదు. మలబద్ధము విడువదు. ఇవి గలవారందఱికిని కంపవాతము వచ్చునని కాదు. అయినను గాలి సోకినదని తాయెత్తు గట్టి యూరకుండక, నరముల వైద్యునికి జూపుట మేలు. హైదరాబాదున పంజాగుట్టయందలి నిమ్సు ఆసుపత్రిలో నట్టి వైద్యులు గలరు. రోగము సోకిన అవ్వ అన్నము కలుపుకొనుటకు జాగు చేసిన సోమరితనమని కసరుట యన్యాయము. ఆ జాగు రోగమే.

మెదడులోని మలినమును గడుగు మందుగాని, ఆ శోథను జల్లార్చి రోగము నాపు మందుగాని ఇంతవరకు రుజువు కాలేదు. ఇప్పటి ముఖ్యమైన మందగు లెవోడోపా మన దూలగొండి గింజలలోనే గలదు. 1937లో మదరాసున దామోదరన్, రామస్వామి యనువారు దానిని వేఱుచేసిరి. అట్లని గింజలు నూఱి ఇంట నీయరాదు, మోతాదు దెలియదు. పప్పు, గ్రుడ్డు, మాంసములతో గలిసిన మాత్ర సరిగా నొంటబట్టదు. కావున సాధారణముగా భోజనమునకు అరగంట ముందే యిత్తురు. వైద్యుని యడుగక దానిని ఒక్కసారిగా మానిపింపరాదు. కాళ్లుచేతులు బిగిసి ప్రాణాపాయము గూడ గలుగవచ్చును.