దారి చూపే చిత్రం, ధైర్యమిచ్చే ఔషధం

ఔషధం రోగి నోటికి చేరడానికి ముందు, రోగి వైద్యుని గదికి చేరాలి. ఈ మాట అందరికీ తెలిసినదే. అయినా పెద్ద ఆసుపత్రి గుమ్మంలో చేత చీటీ పట్టుకొని, ఎటు వెళ్లాలో తోచక నిలబడిపోయిన అనుభవం మనలో చాలామందికి ఉంది. విశాఖపట్నంలో ఆయుర్వేద వైద్యం చేస్తున్న నేను రోగి ఆహారాన్ని గురించి, నిద్రను గురించి, మలమూత్ర విసర్జనను గురించి ఎన్నో ప్రశ్నలు వేసేవాణ్ణి గాని, "ఆసుపత్రిలో దారి దొరికిందా?" అని ఏనాడూ అడగలేదు. ఆ ప్రశ్నను నాకు నేర్పినది మా మేనత్త.

మూడు కేలెండర్ల కథ

అత్తది చోడవరం వైపు పల్లె. డెబ్బై ఏళ్లు దాటిన మనిషి. అక్షరం రాదు. చాలాకాలంగా మధుమేహం ఉంది. కొన్నేళ్ల క్రితం కడుపునొప్పికి స్కానింగ్ తీయించవలసి వచ్చి, నగరంలోని ఒక పెద్ద ఆసుపత్రికి ఆమెను తీసుకువెళ్లాను. పరగడుపున రమ్మన్నారు. అలవాటు చొప్పున ఆమె పొద్దున్నే మధుమేహపు మాత్ర వేసుకున్నది. నేను ఆ సంగతి అడగలేదు. అది నా పొరపాటు.

స్కానింగ్ గది ముందు బల్లపై ఆమెను కూర్చోబెట్టి డబ్బు కట్టడానికి వెళ్లాను. వరుస పొడవుగా ఉంది. తిరిగి వచ్చేసరికి అత్త లేదు. మరుగుదొడ్డికని లేచి వెళ్లిందని పక్కవారు చెప్పారు. మూడంతస్తులూ వెతికాను. గంటన్నర తరువాత, సామాను గదుల పక్కనున్న మెట్ల మీద గోడకు ఆనుకొని కనిపించింది. ఒళ్లంతా చెమట, చేతుల్లో వణుకు, మాటలో తడబాటు. రక్తంలో చక్కెర పడిపోయిందని అర్థమైంది. స్పృహలోనే ఉంది, మింగగలుగుతోంది కనుక ఒక నర్సమ్మ పరుగున వెళ్లి గ్లాసుడు నీళ్లలో మూడు చెంచాల పంచదార కలిపి తెచ్చి తాగించింది. పావుగంటకు తేరుకుంది. మరో అరగంట ఆలస్యమై ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఈనాటికీ నా గుండె దడదడలాడుతుంది.

ఇంటికి వచ్చాక, "ఎవరినైనా అడగలేకపోయావా అత్తా?" అన్నాను.

"ఏటని అడగమంటావు అల్లుడూ? ఆ గది పేరు నాకు నోరు తిరగదు. మనూళ్లో అయితే కొండ సూసుకొని సీకట్లోనైనా ఇంటికొచ్చేస్తాను. అక్కడ కొండా నేదు, సెట్టూ నేదు. అన్నీ ఒకేలాంటి తలుపులు. కొండ మీంచి నీరు దూకుతున్న బొమ్మ ఒకటి గోడకి కనిపిస్తే, దాన్నే గురుతు పెట్టుకొని ఎల్లాను. తిరిగొచ్చి ఆ బొమ్మ కాడే మలుపు తిరిగాను. తీరా సూస్తే అది ఇంకో గోడ!"

మరునాడు వెళ్లి పరిశీలించాను. ఏదో మందుల కంపెనీ పంచిపెట్టిన ఆ జలపాతం కేలెండరు అక్కడ మూడు చోట్ల వేలాడుతోంది. అత్త జ్ఞాపకం తప్పలేదు. ఒకే గుర్తు మూడు చోట్ల ఉండడమే ఆమెను తప్పించింది.

చరకుడు చెప్పిన రోగి లక్షణాలు

చరక సంహిత సూత్రస్థానం 9వ అధ్యాయంలో చికిత్సకు నాలుగు పాదాలు చెప్పబడ్డాయి: వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి. ఒక్కొక్కరికి నాలుగేసి గుణాలు. రోగికి ఉండవలసినవి జ్ఞాపకశక్తి, వైద్యుని మాట పాటించడం, భయం లేకపోవడం, తన బాధను చక్కగా తెలియజెప్పగలగడం. దారి తప్పిన రోగికి ఈ నాలుగూ ఒక్కసారిగా సన్నగిల్లుతాయి. భయం పట్టుకుంటుంది, భయంతో జ్ఞాపకం చెదురుతుంది, చెప్పిన చోటికి చేరలేక మాట పాటించలేడు, ఎట్టకేలకు వైద్యుని ముందు కూర్చున్నా చెప్పదలచినది మరచిపోతాడు.

అదే స్థానంలోని 15వ అధ్యాయం రోగి గృహాన్ని ఎలా నిర్మించాలో వివరిస్తుంది. కట్టడం దృఢంగా ఉండాలి. పెనుగాలి తగలకూడదు గాని ఒక పక్క గాలి ఆడాలి. పొగ, ఎండ, దుమ్ము చేరకూడదు. కంటికి, చెవికి, ముక్కుకు అప్రియమైనవి ఉండకూడదు. అన్నింటినీ మించి నన్ను ఆకర్షించిన నియమం, ఆ ఇంట్లో సుఖంగా తిరుగాడే వీలుండాలనడం. దారి సులువుగా ఉండడాన్ని కూడా ఆచార్యుడు చికిత్సలో భాగంగానే ఎంచాడన్నమాట.

మెదడులోని పటం

ఆధునిక శాస్త్రం ఈ విషయాన్ని మరో వైపు నుంచి పరిశీలించింది. మన మెదడులో హిప్పోక్యాంపస్ అనే భాగం ఉంది. అందులో, మనం ఒక ప్రత్యేక స్థలంలో ఉన్నప్పుడే చైతన్యవంతమయ్యే కణాలున్నాయని 1971లో జాన్ ఓకీఫ్ ఎలుకలపై జరిపిన పరిశోధనలో కనుగొన్నారు. 2005లో మే బ్రిట్ మోసర్, ఎడ్వర్డ్ మోసర్ దంపతులు దూరాన్ని, దిశను కొలిచే మరోరకం కణాలను గుర్తించారు. ఈ ముగ్గురికీ 2014లో నోబెల్ బహుమతి లభించింది. జ్ఞాపకానికీ, దారికీ మెదడులో ఒకే చోట నెలవు ఉండడం గమనించదగినది. మతిమరుపు వ్యాధి సోకినవారు తొలిదశలోనే దారి తప్పడానికి ఇది ఒక ముఖ్య కారణం.

కెవిన్ లించ్ అనే నగర శాస్త్రవేత్త 1960లో వెలువరించిన గ్రంథంలో, మనిషి మనసులో నగరం ఐదు అంశాలుగా నిలుస్తుందన్నాడు: దారులు, అంచులు, పేటలు, కూడళ్లు, ఆనవాళ్లు. ఆసుపత్రి నడవల్లో మొదటి నాలుగూ ఒకేలా ఉంటాయి. అందుచేత అక్కడ ఆనవాలే దిక్కు. ఆ ఆనవాలుగా బొమ్మకున్న బలం అక్షరానికి లేదు. 1973లో లయనెల్ స్టాండింగ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఐదు రోజులలో 10,000 చిత్రాలను ఒక్కొక్కసారే చూపించి పరీక్షించగా, చూసినవారు వాటిలో సుమారు 83 శాతాన్ని గుర్తుపట్టగలిగారు.

దారి తెలియకపోతే నష్టం రోగికే కాదు. అమెరికాలోని ఎమొరీ విశ్వవిద్యాలయ ఆసుపత్రిని గురించి 1990లో వెలువడిన అధ్యయనం, దారి చెప్పడం తమ పని కాని సిబ్బందే ఏడాదికి 4,500 గంటలకు పైగా దారులు చెప్పడంలో గడుపుతున్నారని లెక్కతేల్చింది. ఆ గంటలు రోగుల సేవకు అందవలసినవి.

యారాడ కొండ చెప్పే పాఠం

మన విశాఖవాసులకు ఈ సూత్రం కొత్త కాదు. సముద్రంలోకి చొచ్చుకొనివచ్చిన యారాడ కొండను, అంటే డాల్ఫిన్స్ నోస్‌ను చూసి జాలరులు తీరం పోల్చుకుంటారు. 1933లో ఓడరేవు ప్రారంభమైన నాటినుంచి నావికులకు ఆ కొండ పెద్ద ఆనవాలు. దానికి ఏ భాషలోనూ బోర్డు అవసరం రాలేదు.

మన దేశమూ ఈ బాటనే నడిచింది. 1951 జనగణన నాటికి అక్షరాస్యత 18 శాతమే. అందుచేత 1951-52 తొలి సార్వత్రిక ఎన్నికలలో ఓటరు బొమ్మను చూసి ఓటు వేసేలా గుర్తులు ఏర్పరచారు. మెక్సికో నగరంలో 1969లో ప్రారంభమైన భూగర్భ రైలు మార్గంలో ప్రతి స్టేషనుకూ ఒక బొమ్మ ఉంది. చపుల్తెపెక్ స్టేషనుకు మిడత బొమ్మ. లండనులోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రిలో వార్డులకు ఏనుగు, సింహం, పెంగ్విన్ వంటి జంతువుల పేర్లున్నాయి. జబ్బు పేరు పలకలేని పసివాడు కూడా తన వార్డు పేరు చెప్పగలడు.

ప్రకృతి దృశ్యమే ఎందుకు?

బొమ్మ ఏదైనా దారి చూపగలదు. ప్రకృతి దృశ్యమైతే ఆందోళనను కూడా తగ్గించగలదు. రోజర్ ఉల్రిచ్ అనే శాస్త్రవేత్త 1984లో, అమెరికాలో పిత్తాశయ శస్త్రచికిత్స జరిగిన 46 మంది వివరాలు ప్రకటించారు. 23 మందికి కిటికీలోంచి చెట్లు కనిపించేవి, తక్కిన 23 మందికి ఇటుక గోడ. చెట్లను చూసినవారు సగటున 7.96 రోజులలో, గోడను చూసినవారు 8.70 రోజులలో ఇంటికి వెళ్లారు. మొదటివారికి తీవ్రమైన నొప్పి మందుల అవసరమూ తక్కువైంది. తరువాత స్వీడన్‌లోని ఉప్సలలో ఆయన బృందం 160 మంది గుండె శస్త్రచికిత్స రోగులకు ఛాయాచిత్రాలు, ఇతర బొమ్మలు చూపింది. చెట్ల నడుమ నీరు పారే దృశ్యం చూసినవారిలో ఆందోళన తగ్గింది. అర్థంకాని గీతల చిత్రాలు ఆందోళనను పెంచాయి.

ఛాయాచిత్రం రోగాన్ని నయం చేస్తుందని నేననను. ఉల్రిచ్ పరిశీలించినవారు కొద్దిమందే. అయితే దారి చూపుతూ భయాన్ని తగ్గించే సాధనం, దుష్ఫలితం లేనిది, ఖర్చు తక్కువైనది దొరికినప్పుడు వాడుకోవడం వివేకం.

మన గోడలకు మన దృశ్యాలు

1923లో ప్రారంభమైన మన కింగ్ జార్జ్ ఆసుపత్రికి ఉత్తరాంధ్ర జిల్లాలనుంచే కాక ఒడిశా, ఛత్తీస్‌గఢ్‌లనుంచి కూడా రోగులు వస్తారు. ఓడరేవు, ఉక్కు కర్మాగారం ఉన్న ఊరు కనుక అన్ని రాష్ట్రాల కుటుంబాలూ ఇక్కడ ఉన్నాయి. ఏ ఒక్క లిపీ అందరికీ చాలదు. ఇలాంటి నగరంలోని ఆసుపత్రులకు నా మనవి ఇది.

సముద్రంతో కూడిన యారాడ కొండ నీలం. భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలు ఎరుపు. కొండకర్ల ఆవలోని తామరలు గులాబీ. పాడేరు పసుపు కొమ్ముల రాశి పసుపు. మిరియాల తీగ పాకిన చెట్ల నీడన అరకు కాఫీ తోట ఆకుపచ్చ. ఒక్కొక్క విభాగానికి ఒక్కొక్క దృశ్యం. "తామరల బొమ్మ దగ్గర కుడికి తిరగండి" అంటే ఎవరికైనా అర్థమవుతుంది.

కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి. ఒక విభాగపు చిత్రం మరో విభాగంలో ఎక్కడా ఉండకూడదు. మందుల కేలెండర్లు తీసివేయాలి. చిత్రాన్ని మలుపుల దగ్గర, మెట్ల దగ్గర, చక్రాల కుర్చీలో కూర్చున్నవారికి కూడా కనిపించే ఎత్తులో పెట్టాలి. అదే చిత్రం రోగి చీటీ మీద చిన్నగా ముద్రించాలి. వైద్యులమైన మనకు మూలికల బొమ్మలు పెట్టాలని ముచ్చట వేస్తుంది. కాని వేప, తులసి, నేలవేము దూరంనుంచి అన్నీ ఆకుపచ్చగానే ఉంటాయి. రంగుతో పాటు ఆకారమూ వేరుగా ఉంటేనే రంగులు సరిగా పోల్చలేనివారికి ఉపయోగం. చూపు లేనివారికి మాత్రం మనిషి తోడే దారి.

గృహస్థులు పాటించదగినవి

పెద్దవారిని ఆసుపత్రికి తీసుకువెళ్లినప్పుడు, కూర్చోబెట్టిన చోటునుంచి కనిపించే ఒక చెట్టునో, బొమ్మనో ఇద్దరూ కలిసి చూసి, దాని పేరు వారిచేత పైకి చెప్పించండి. అలాంటిది మరోచోట లేదని చూసుకోండి. ఫోను ఉంటే ఆ చోటు ఫొటో తీసి చూపండి. మీ ఫోను నంబరు రాసిన కాగితం వారి కొంగున ముడివేయండి.

మధుమేహులు పరగడుపున పరీక్షకు వెళ్లవలసివస్తే, ఆ పూట మాత్ర లేదా ఇన్సులిన్ సంగతి ముందురోజే వైద్యుణ్ణి అడగండి. పంచదార పొట్లం దగ్గర ఉంచండి. చెమట, వణుకు, తడబాటు కనిపిస్తే ఆలస్యం చేయకుండా నీళ్లలో కలిపి ఇవ్వండి. స్పృహ తప్పినవారికి నోటిద్వారా ఏదీ ఇవ్వరాదు. వెంటనే వైద్యసహాయం కోరండి.

ఇంట్లో మతిమరుపు ఉన్న వృద్ధులుంటే స్నానాలగది తలుపుకు ఏటి బొమ్మ, పడకగదికి వారి ఊరి చెరువు ఫొటో అంటించండి. అవి తరచుగా మార్చకండి.

నా వైద్యశాలలో ఉన్నవి మూడే గదులు. వాటికి ఇప్పుడు తామర, తాటిచెట్లు, ఎర్రమట్టి దిబ్బల ఫొటోలున్నాయి. మొన్న సంక్రాంతికి వచ్చిన అత్త మూడింటినీ తేరిపార చూసింది. నన్ను పిలవకుండానే తాటిచెట్ల గదిలోకి వెళ్లి కషాయం సీసా తెచ్చుకుంది. "ఇదైతే సీకట్లో కూడా తెచ్చుకుంటాను అల్లుడూ" అన్నది.