కుక్కకాలు మలుపు: గోల్ఫు మైదాన నిర్మాణములో నొక చిక్కు

గోల్ఫు మైదానమనిన మన విద్యార్థులలో అనేకులకు విశాలమైన పచ్చిక బయలు మాత్రమే మనసునకు వచ్చును. కాని అది ఊరక పడియున్న బయలు కాదు. గజము గజము లెక్కించి తీర్చిన భూమి. సాధారణముగా నొక మైదానములో 18 భాగములుండును. ఒక్కొక్క భాగమును హోలు అందురు. ప్రతి హోలునకును మొదట టీ యను చదునైన తిన్నెయు, చివర గ్రీను అను మిక్కిలి నునుపైన పచ్చికయు, ఆ పచ్చికలో నాలుగుంబాతిక అంగుళముల వెడల్పుగల చిన్న గుంటయు నుండును. టీ కడ మొదలుపెట్టి, ఎంత తక్కువ దెబ్బలతో బంతిని ఆ గుంటలో పడవేసిన నంత మేలు. టీకిని గ్రీనునకును నడుమ పొట్టిగా కోసిన పచ్చికబాటను ఫెయిర్‌వే యందురు. దాని కిరుప్రక్కల పొడవైన గడ్డియు, చెట్లును, బంకరులనబడు ఇసుక గోతులును, ఒక్కొక్కచోట నీరును ఉండును. నేర్పరియైన ఆటగాడు ఇన్ని దెబ్బలలో ముగింపవలెనని ప్రతి హోలునకును నియమింపబడిన సంఖ్య పార్. అది మూడో, నాలుగో, అయిదో యగును.

ఈ బాట యన్నిచోట్లను తిన్నగా పోదు. కొన్ని హోల్సులో సగము దూరము పోయిన పిమ్మట కుడికో యెడమకో విఱుగును. కుక్క వెనుకకాలు నడుమ వంగియుండు రీతిని ఇది యుండుటచే ఆంగ్లేయులు దీనికి డాగ్‌లెగ్ అని పేరుపెట్టిరి. మనము కుక్కకాలు మలుపు అందము. కొంచెము వంగినది కన్నుల కింపుగా నుండును. ఆటకు రుచి యిచ్చును. మిక్కుటముగా వంగినదే చిక్కు తెచ్చునది. ఇట్టి తీవ్రమైన మలుపులు ఉండదగునా, ఉండరాదా యని మైదాన నిర్మాతలలో చిరకాలముగా వాదము జరుగుచున్నది. మన పై తరగతుల పిల్లలు తమ రేఖాగణితముతోనే ఈ వాదమునందలి సారమును గ్రహింపవచ్చును గనుక దానిని కొంత విపులముగా వ్రాయుచున్నాము.

హోలు పొడవును పక్షి యెగిరిన చొప్పున కొలువరు. బాట నడిగీత వెంబడి, మలుపు మొనవఱకు నొక కొలత, అచ్చటినుండి గ్రీను నడుమకు మఱియొక కొలత తీసి, రెంటిని కూడుదురు. టీనుండి మొనకు 250 గజములు, మొననుండి గ్రీనునకు 150 గజములు గల యొక హోలును తలంచుకొనుడు. కాగితము మీద దాని పొడవు 400 గజములు. బాట లంబకోణముగా తిరిగినచో టీకిని గ్రీనునకును గల సూటి దూరమెంత? 250 వర్గము 62,500, 150 వర్గము 22,500, మొత్తము 85,000. దాని వర్గమూలము సుమారు 292. అనగా 400 గజముల హోలు చెట్లమీదుగా కొట్టగలవానికి 292 గజములే. పొలము గట్లమీద అడ్డముగా బడికి వచ్చు పిల్లల కీ లెక్క పైథాగరసు చెప్పకపోయినను తెలియును. అదే బాట తిన్నని దారినుండి 45 డిగ్రీలు మాత్రమే విఱిగినచో సూటి దూరము 372 గజములగును. 30 డిగ్రీలైనచో 387. మొదటిదానిలో అడ్డదారి లాభము 108 గజములు, రెండవదానిలో 28, మూడవదానిలో 13 మాత్రమే. మలుపు తీవ్రమైనకొలది బాటను తప్పినవానికే బహుమతి పెరుగుచున్నదని దీనివలన తేలుచున్నది.

ఇది బలవంతుని మాట. బలహీనుని గతి యేమి? మొదటి దెబ్బకు 210 గజములు మాత్రమే కొట్టగలవానిని చూతము. స్త్రీలలోను, వృద్ధులలోను, బాలురలోను అంతకన్న తక్కువ కొట్టువారే పెక్కండ్రు. 210 అనుట మంచి దెబ్బయే. లంబకోణపు మలుపులో అతని బంతి మొనకు 40 గజముల యివతల ఆగును. గ్రీను అతనికి సూటిగా 155 గజముల దూరముననే యున్నది. ఆ దూరము కొట్టు శక్తి అతనికి కలదు. కాని నడుమ చెట్లు! కావున చేతనున్న బలమును దాచుకొని, 40 గజములు బంతిని తట్టి మొన కడకు చేర్చి, పిదప మూడవ దెబ్బతో గ్రీనునకు పోవలసినదే. అతడు మొదట చేసిన తప్పేమియు లేదు. చక్కగా నడిమి బాటను కొట్టెను. అయినను ఒక దెబ్బ దండుగ. ఇక 30 డిగ్రీల మలుపులో అదే మనుష్యుడు బాట వెలుపలి యంచున బంతిని నిలిపినచో గ్రీను కనబడును. దూరము 194 గజములు. రెండవ దెబ్బతో చేరవచ్చును. ఇచ్చట బలము చాలనివానికి బుద్ధి యక్కరకు వచ్చినది. లంబకోణములో బుద్ధికి గాని నేర్పునకు గాని తావు లేదు.

అతిగా కొట్టువానికిని కీడే. ఆ బాట వెడల్పు 36 గజములని యనుకొందము. టీనుండి 232 గజములు మొదలు 268 గజములలోపల బంతి నిలిచినవానికే గ్రీను దారి తెఱపిగా నుండును. 280 గజములు తిన్నగా కొట్టినవాడు బాట దాటి ఎదుటి చెట్లలో పడును. తిన్నగా కొట్టుటయే నేరమగుచున్నది. ఇట్లందఱును ఒకే కొలత కొట్టి, ఒకే చోట నిలిచి, ఒకే దిక్కునకు తిరుగవలసి వచ్చినప్పుడు దానిని ఆట యనుటకంటె కవాతు అనుట మేలని మాకు తోచుచున్నది.

పుస్తకపు లెక్క యిట్లుండగా, మైదానముమీద జరిగిన కథ యొకటి వినదగినది. అమెరికాలో ఒహాయో రాష్ట్రమునందు టొలీడో నగరమున ఇన్వర్నెస్ క్లబ్బు కలదు. 1979 సంవత్సరము జూన్ నెలలో ఆ దేశపు యు.ఎస్. ఓపెను పోటీ అచ్చట జరిగెను. ఎనిమిదవ హోలు 528 గజముల పొడవు, పార్ అయిదు, ఎడమకు తిరిగిన కుక్కకాలు. మొదటి దినమున లాన్ హింకిల్ అను ఆటగాడు టీ మీద నిలిచి, ఎడమవైపు చెట్లలో నొక సందును కనిపెట్టెను. ఆ సందు కావల 17వ హోలు బాట. అతడు బంతిని తన బాటను విడిచి, ఆ సందుగుండ ప్రక్క బాటలోనికి కొట్టి, అచ్చటినుండి రెండవ దెబ్బతో గ్రీను చేరెను. నియమములలో దానిని నిషేధించు మాట లేదు. పోటీ నిర్వహించు అధికారులు ఆ సాయంకాలము కలవరపడిరి. ఆట మర్యాద చెడుననియే గాక, 17వ బాటలో నడచు ఆటగాండ్రమీదను, చూడవచ్చిన జనము మీదను బంతులు పడునను భయము కూడ నుండెను. మఱునాటి ఆటకు ముందే ఇరువది యడుగులకు మించిన యొక స్ప్రూసు చెట్టును తెప్పించి రాత్రికి రాత్రి ఆ సందులో పాతించిరి! తెల్లవారి చూచినవా రాశ్చర్యపడిరి. హింకిలు మాత్రము నవ్వి, ఆ చెట్టు మీదుగనే కొట్టి, మరల ఆ దారినే పోయెనట. నాటినుండి ఆ చెట్టునకు హింకిలు చెట్టు అని పేరు వచ్చెను. ఆ పోటీలో గెలిచినవాడు హేల్ ఇర్విన్. కాని జనులకు జ్ఞాపకమున్నది చెట్టే.

ఇందులో తప్పెవరిది? ఆటగానిది కాదని మా యభిప్రాయము. ఆ మైదానము పూర్వము డొనాల్డ్ రాస్ అను ప్రసిద్ధ నిర్మాత తీర్చినది. ఈ ఎనిమిదవ హోలు మాత్రము 1979 పోటీకి ముందు క్రొత్తగా చేర్చినది. మలుపు లోపలి మూలను దేనితో కాపాడవలెనో ముందుగా ఆలోచింపనిచో, తరువాత రాత్రివేళ చెట్లు మోయవలసి వచ్చును.

అంతకు తొమ్మిదేండ్లకు ముందు, 1970లో, అదే పోటీ మిన్నెసోటా రాష్ట్రములోని హేజెల్‌టైన్ మైదానమున జరిగినప్పుడు ఇంకను పెద్ద రగడ పుట్టెను. ఆ మైదానమును రాబర్టు ట్రెంట్ జోన్సు నిర్మింపగా 1962లో తెఱచిరి. దానిలో కుక్కకాలు మలుపులు మెండు. అనేక స్థలములలో టీనుండి చూచిన బంతి పడు చోటు కనబడదు. మొదటి దినమున గాలియు బలముగా వీచెను. నాటి మేటి వీరులలో జాక్ నిక్లాస్ 81, గ్యారీ ప్లేయర్ 80, ఆర్నాల్డ్ పామర్ 79 దెబ్బలు కొట్టిరి. డేవ్ హిల్ అను ఆటగాడు, ఈ చోట మొక్కజొన్న చేనును ఆవులును మాత్రమే తక్కువ, మంచి పొలమును పాడుచేసినారని పత్రికలవారితో ననెను. అందుకు 150 డాలర్ల జరిమానా పడినది. తరువాత అతడు నడచిన చోటనెల్ల ప్రేక్షకులు ఆవులవలె అంబాయని అరచిరట. అయినను అతడు రెండవవాడుగా నిలిచెను. గెలిచిన టోనీ జాక్లిన్ ఇంగ్లండు దేశీయుడు. అతడొక్కడే పార్‌కు లోబడి ముగించి, ఏడు దెబ్బల తేడాతో నెగ్గెను. ఒక్కడైనను చక్కగా ఆడెను గనుక మైదానము మంచిదేయని వాదించువారును లేకపోలేదు. మాకు ఆ వాదము రుచింపదు. ఒక్క విద్యార్థి నూటికి నూఱు తెచ్చుకొన్నంతమాత్రమున ప్రశ్నపత్రము న్యాయమైనదని చెప్పుటకు వీలులేదు గదా. నిర్మాతయు, పిమ్మట ఆయన కుమారుడు రీస్ జోన్సును ఆ మైదానమును చాల మార్చిరి. 1991లో యు.ఎస్. ఓపెను మరల అచ్చటికే వచ్చెను. అప్పుడు పేన్ స్టువర్టు గెలిచెను.

ఇన్ని చిక్కులున్నప్పుడు తీవ్రమైన మలుపులను ఏల నిర్మింతురని యడుగవచ్చును. తఱచుగా భూమియే కారణము. సరిహద్దు అడ్డము వచ్చును, కొండయో వాగో తగులును, ఇఱుకు స్థలములో పొడవు చూపవలసి వచ్చును. గత శతాబ్దపు ఉత్తరార్ధమున అమెరికాలో ఇండ్ల స్థలములు అమ్ముకొనుటకై కట్టిన మైదానములు పెక్కులు పుట్టెను. బాట ఎంత మెలిక తిరిగిన నంత ఎక్కువ ఇండ్లకు పచ్చిక ముఖము దొరకును, వెల హెచ్చును. కాని మలుపు లోపలి మూలలో ఇల్లు కొన్నవాని దురవస్థ చెప్పనలవి కాదు. అడ్డదారి కొట్టు ప్రతి బంతియు వాని పెరటిమీదుగనే పోవలెను. గట్టి బంతి తగిలిన కిటికీ యద్దము పగులుట యటుంచి, ముంగిట ఆడుకొను బిడ్డకు తగిలిన నేమగును? కావుననే జాగ్రత్తగల నిర్మాతలు లోపలి మూలను ఖాళీగా విడిచి, ఇండ్లను వెలుపలివైపునకు, అదియు దూరముగా నెట్టుదురు.

అన్ని మలుపులును చెడ్డవని మేము చెప్పము. స్కాట్లండులో సెంట్ ఆండ్రూస్ ప్రాచీన మైదానమున 17వ హోలు, రోడ్డు హోలు అనునది, కుడికి తిరుగును. మూలమీద నిప్పుడొక హోటలున్నది. పూర్వము రైలు వారి కొట్టములుండెడివి. ధైర్యశాలి మూలను ఎక్కువగా కోసి కొట్టును. తప్పినచో బంతి హద్దు దాటును. పిఱికివాడు ఎడమకు పోవును. వానికి దూరము పెరుగును, గ్రీను ముందరి బంకరు అడ్డము వచ్చును. నడుమ ఎంత కోసిన నంత లాభము, అంత ప్రమాదము. ఎవరి బలము వారే తూచుకొనవలెను. 2010లో దాని పొడవును 455 గజములనుండి 495 గజములకు పెంచిరి. చార్లెస్ బ్లెయిర్ మాక్‌డొనాల్డు బెర్ముడా ద్వీపమున మిడ్ ఓషన్ క్లబ్బులో నిర్మించిన అయిదవ హోలును ఇట్టిదే; అక్కడ చెట్లకు బదులు చెఱువు ఏటవాలుగా నున్నది. ఎదుట నీరు కనబడుచునే యున్నది. ఎంతవఱకు దాటగలనని మనుష్యుడు తన్ను తానే ప్రశ్నించుకొనును. చెట్లగోడకును నీటిగట్టునకును గల భేదమిదియే. గోడ కాదనును, గట్టు బేరమాడును.

జార్జియా రాష్ట్రములో ఆగస్టా నేషనల్ 13వ హోలు, ఆలిస్టర్ మెకెంజీయు బాబీ జోన్సును కలిసి తీర్చినది, ఎడమకు వంగి యొక వాగు వెంట పోవును. లోకములో నింతకన్న పొగడ్త పొందిన మలుపు అరుదు. దానికిని కాలము ముప్పు తెచ్చెను. అమెరికా వృత్తి ఆటగాండ్ర మొదటి దెబ్బ సగటున 1980లో సుమారు 257 గజములు. 2023 నాటికి సుమారు 300. నిర్మాత గీచిన మొన కదలదు, బంతి మాత్రము దానిని దాటిపోవుచున్నది. అందుచేత 510 గజముల ఆ హోలును 2023లో టీని వెనుకకు జరిపి 545 గజములు చేసిరి. ధనికమైన క్లబ్బునకు వెనుకకు జరుగుటకు భూమి దొరకును. సామాన్యమైన క్లబ్బునకు వెనుక ఎవని ప్రహరీయో యుండును.

అట్టి సామాన్యులకు వేఱు మార్గములు కలవు. మొనవద్ద లోపలి చెట్లను పలుచన చేసి, బాటను అచ్చట వెడల్పు చేయుట యొకటి. టీని ప్రక్కకు జరిపి కోణమును సడలించుట యింకొకటి. అన్నిటికన్న తక్కువ వ్యయమైనది, బలము తక్కువవారికై ముందుకొక టీ కట్టుట. మన లెక్కలోని 210 గజముల మనుష్యునకు 40 గజములు ముందు చిన్న తిన్నె వేసినచో అతని బంతియు మొన కడకే చేరును. గ్రీను 150 గజముల దూరమున తెఱపిగా కనబడును. నాలుగు బండ్ల మట్టియు, కొంచెము పచ్చికయు చాలును.