గ్రంథాలయ భవనం ఒక చారిత్రక ఆకరం: గద్వాల, వనపర్తి ప్రాంతాల పరిశోధనకు ఒక పద్ధతి

సంక్షిప్తి: తెలంగాణ గ్రంథాలయోద్యమ చరిత్ర ప్రధానంగా వ్యక్తులు, సభలు, పత్రికల ఆధారంగా రచింపబడింది. ఆ ఉద్యమానికి నీడనిచ్చిన భవనాలు చర్చకు రాలేదు. చిన్న పట్టణాలలోని పూర్వ గ్రంథాలయ భవనాలను ఆకరాలుగా ఎలా పరిశీలించాలో ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలక పదాలు: గ్రంథాలయోద్యమం, సంస్థానాలు, ఫసలీ, హాలీ సిక్కా, శిలాఫలకం, మిద్దె.

1. ఆస్థానం నుంచి బజారుకు

గద్వాల, వనపర్తి సంస్థానాలు నిజాం రాజ్యంలో అంతర్భాగాలు. అక్కడ సాహిత్యానికి ఆశ్రయం ఆస్థానమే. కవి కోటలోకి వెళ్లి రాజును మెప్పించాలి. శ్రోతలు పిలుపు అందుకున్నవారే. గ్రంథాలయం ఈ సంబంధాన్ని తలకిందులు చేసింది. దాని వాకిలి బజారు వైపు తెరుచుకుంటుంది. లోనికి రావడానికి పిలుపు అక్కరలేదు. కనుక భవనం ఎటు ముఖం పెట్టి ఉంది, వీధి అరుగు ఉందా, పఠనమందిరం ముందుభాగంలో ఉందా అన్నవి వాస్తు విశేషాలు మాత్రమే కావు. పాఠకుడు ఎవరన్న ప్రశ్నకు సమాధానాలు.

2. ఇల్లే గ్రంథాలయం

1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం రావిచెట్టు రంగారావు నివాసంలోనే ప్రారంభమైంది. కొమర్రాజు వేంకట లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వేంకట రంగారావు దాని స్థాపనలో ముఖ్యులు. రంగారావు మరణానంతరం ఆయన భార్య లక్ష్మీనరసమ్మ ఇచ్చిన విరాళం సంస్థ సొంత గూటికి ఆధారమైంది. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం వెలసింది. 1925లో మధిరలో, 1928లో సూర్యాపేటలో గ్రంథాలయ మహాసభలు జరిగాయి.

దీనికి భిన్నమైనది అసఫియా గ్రంథాలయం. 1891లో ప్రారంభమైన ఆ సంస్థకు అఫ్జల్‌గంజ్‌లో మూసీ ఒడ్డున ప్రభుత్వమే 1930ల్లో ఎత్తైన పైకప్పులు గల విశాల భవనాన్ని కట్టించింది. అక్కడ భవనం రాజ్యవైభవానికి చిహ్నం. భాషానిలయాలలో అది చందాల, విరాళాల ఫలితం. మద్రాసు రాజధానిలోని వేటపాలెంలో 1918లో పుట్టిన సారస్వత నికేతనం భవనానికి 1929లో గాంధీజీ శంకుస్థాపన చేశారు. నిజాం రాజ్యంలో మాత్రం సభ జరపాలంటే ‘గస్తీ నిషాన్ 53’ ప్రకారం ముందస్తు అనుమతి తప్పనిసరి. అటువంటి పరిస్థితిలో నలుగురు కూర్చుని తెలుగు పత్రిక చదువుకునే గదికి ఉన్న విలువ పుస్తకాల సంఖ్యతో కొలవదగినది కాదు. ఇటిక్యాలపాడుకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి 1926లో స్థాపించిన ‘గోలకొండ’ పత్రిక ఇటువంటి పాఠకులను ఆశించే వెలువడింది.

3. భవనాన్ని చదవడం

మొదట పరిశీలించవలసినది పైకప్పు. ఈ ప్రాంతపు పాత మిద్దెలలో గోడల మీద దూలాలు, వాటిపై దంతెలు, ఆపైన కట్టెలు పరచి చౌడుమన్ను కప్పుతారు. వానకాలానికి ముందు మన్ను సరిచేయకపోతే మిద్దె కురుస్తుంది. తేమ, చెదలు పుస్తకాలకు శత్రువులు. కాబట్టి మట్టిమిద్దె స్థానంలో గచ్చు కప్పు వేయించిన కాలాన్ని గుర్తిస్తే, నిర్వాహకులు పుస్తకాల రక్షణకు ఎప్పుడు ఖర్చు పెట్టగలిగారో ఊహించవచ్చు. వంటింటి పొగగూడు వంటి ఆనవాళ్లు భవనం మొదట నివాసగృహమని సూచిస్తాయి.

రెండవది శిలాఫలకం. ఇక్కడ రెండు పొరపాట్లకు అవకాశముంది. హైదరాబాదు ఫసలీ సంవత్సరం అక్టోబరు తొలి వారంలో మొదలవుతుంది. ఫసలీ సంఖ్యకు 590 కలిపితే అది మొదలైన క్రీస్తుశకం వస్తుంది. ఉదాహరణకు 1340 ఫసలీ 1930 అక్టోబరు నుంచి 1931 అక్టోబరు వరకు సాగుతుంది. తుంగభద్రకు ఆవలి మద్రాసు రాజధానిలో మాత్రం ఫసలీ జూలై 1న మొదలయ్యేది. సరిహద్దు ఊళ్ల తేదీలను నిర్ణయించేటప్పుడు ఈ భేదం కీలకం. అలాగే విరాళం హాలీ సిక్కాలోనా, కల్దారు రూపాయలలోనా అన్నది చూడాలి. సుమారు 7 హాలీ రూపాయలు 6 కల్దారు రూపాయలకు సమానం.

మూడవది యాజమాన్య పత్రాలు. 1955లో హైదరాబాదు పౌర గ్రంథాలయ చట్టం, 1960లో ఆంధ్రప్రదేశ్ చట్టం వచ్చిన తరువాత గ్రంథాలయ సేవ క్రమంగా ప్రభుత్వ వ్యవస్థలో భాగమైంది. పాత సంఘపు ఇల్లు ఎవరి పేర దఖలైందో తెలిస్తేనే పుస్తకాల, హాజరుపట్టీల జాడ దొరుకుతుంది. ప్రస్తుత జిల్లాలు 2016లో ఏర్పడినందున పూర్వ మహబూబ్‌నగర్ జిల్లా దస్త్రాలనూ వెదకాలి.

4. ముగింపు

గద్వాల కోటలో డిగ్రీ కళాశాల, వనపర్తి రాజప్రాసాదంలో పాలిటెక్నిక్ నెలకొన్నాయి. రాజభవనాలు కొత్త ఉపయోగంతో నిలిచాయి; వాటికి పేరు, పరిమాణం, ప్రతిష్ఠ ఉన్నాయి. రెండు గదుల పఠనమందిరానికి అవేవీ లేవు. దానిని కూల్చినప్పుడు దాతల పేర్లున్న రాయి సైతం పునాదిలో కలిసిపోతుంది. ఆ పేర్లు అనేక సందర్భాల్లో మరెక్కడా ముద్రితం కాలేదు. కనుక కొలతలు, ఛాయాచిత్రాలు, ఫలక పాఠం, వృద్ధ పాఠకుల మౌఖిక కథనాలను భవనం నిలిచి ఉండగానే సేకరించడం స్థానిక సాహిత్య చరిత్ర పరిశోధకుల తక్షణ కర్తవ్యం.