బడి విడిచాక... షిఫ్టు ఇళ్లలో పిల్లల సాయంత్రాలు

పటాన్‌చెరు: సాయంత్రం బడి గంట కొట్టగానే సంచి భుజాన వేసుకుని ఇల్లు చేరే పిల్లవాడికి ఈ ప్రాంతంలో చాలాసార్లు తాళం వేసిన తలుపే ఎదురవుతుంది. తల్లి జనరల్ షిఫ్టు ముగించుకుని ఆటో ఎక్కేసరికి దీపాలు పెట్టే వేళ అవుతుంది. తండ్రి రెండవ షిఫ్టుకు వెళ్లి ఉంటాడు, లేదా రాత్రి డ్యూటీకి పోవలసి ఉన్నందున లోపల నిద్రపోతూ ఉంటాడు. పక్కింటివారి వద్ద తాళంచెవి తీసుకుని, మూత పెట్టి ఉంచిన అన్నం తిని, ఆ తరువాత ఆ పిల్లవాడు ఏమి చేయాలి? ఇస్నాపూర్, పాశమైలారం, ముత్తంగి, రుద్రారం, బొల్లారం, జిన్నారం... ఏ ఊరికి పోయినా ఈ ప్రశ్న ఉన్న ఇళ్లు కనిపిస్తాయి.

దీనికి ఇప్పుడు రెండే జవాబులు వినిపిస్తున్నాయి. ఒకటి ట్యూషను, రెండవది సెల్‌ఫోను. ట్యూషనుకు పంపితే బడిలో రాసినదే మళ్లీ రాయిస్తారు, నెల తిరిగేసరికి ఫీజు. ఫోను చేతికిస్తే పిల్లవాడు కదలడు, మెదలడు. పెద్దవారి పని పెద్దవారికి అవుతుంది. ఈ రెండూ కాక మూడవ దారి ఒకటి ఉన్నది. ఖర్చు లేనిది, తల్లిదండ్రులకు అక్షరం రాకపోయినా నడిచేది. ఆడుతూ పాడుతూ ఇంట్లోనే నేర్చుకునే దారి అది.

ఆటలతో చదువు వస్తుందా అని అనుమానించేవారు ఇప్పటికీ తక్కువేమీ లేరు. గుజరాత్‌లోని భావనగర్‌లో వకీలు వృత్తి మానుకుని పసిపిల్లల బడి పెట్టిన గిజుభాయి బధేకా ఇదే అనుమానానికి జవాబుగా 'దివాస్వప్న' అనే పుస్తకం రాశాడు. 'పగటి కల' పేరుతో అది తెలుగులోనూ వచ్చింది. అందులోని పంతులు కథలతో, ఆటలతో నాలుగవ తరగతికి పాఠాలు నడిపి, తోటి పంతుళ్ల చేత మొదట నవ్వులపాలవుతాడు. గిజుభాయి 1939లో కన్నుమూశాడు. ఆ నవ్వు మాత్రం ఇంకా మిగిలే ఉన్నది.

చదవడం రాని చదువు

నవ్వి ఊరుకుంటే సరిపోయే పరిస్థితి కాదు. దేశమంతటా పల్లెలలో ఇంటింటికీ తిరిగి, పిల్లల చేత చదివించి చూసే 'అసర్' అనే సర్వే ఒకటి ఉన్నది. 2024లో ఆ సర్వే తేల్చినదేమంటే, ప్రభుత్వ బడులలో ఐదవ తరగతి చదివే పిల్లలలో రెండవ తరగతి పాఠాన్ని తడబడకుండా చదవగలిగినవారు సగం మంది కూడా లేరు. మన రాష్ట్రంలో ఒకటి నుండి ఐదు తరగతుల పిల్లల కోసం 2022 ఆగస్టులో 'తొలిమెట్టు' కార్యక్రమం మొదలుపెట్టవలసి వచ్చింది కూడా ఇందుకే.

బడి తన పని తాను చేయవలసిందే, అందులో మాటలేదు. కాని అయిదేళ్లలో చదవడం, కూడడం పట్టుబడని పిల్లవాడు ఆరు, ఏడు తరగతులలో వెనుకపడి, చివరకు కంపెనీ గేటు ముందు రోజుకూలీల వరుసలో నిలబడడం మనం చూస్తున్నదే. పటాన్‌చెరులో 1972 నుండి ఇక్రిశాట్ ఉన్నది. కందిలో ఐ.ఐ.టి. ఉన్నది. ఆ గేట్లలోకి మన పిల్లలు గడ్డి కోసే పనికి కాక మరో పనికి పోవాలంటే దానికి పునాది ఈ అయిదేళ్లలోనే పడాలి.

దోసెడు శనగలు

ఇక్రిశాట్ మాట వచ్చింది గనుక అక్కడి నుండే మొదలుపెడదాము. ఆ సంస్థ ప్రధానంగా పరిశోధన చేసే పంటలు జొన్న, సజ్జ, కంది, శనగ, పల్లి. ఈ అయిదూ మన వంటింటి డబ్బాలలో ఉన్నవే. లక్షకు పైగా విత్తన నమూనాలను ఆ సంస్థ చల్లని గదులలో దాచి ఉంచింది. వాటిని మనం చూడలేకపోయినా, అయిదు రకాల గింజలను పగిలిన కుండపెంకులలోనో, అడుగున బెజ్జం పెట్టిన పాల ప్యాకెట్లలోనో మట్టి పోసి నాటడానికి అడ్డేమున్నది? పప్పు చేసిన కందులు కాదు, పొట్టుతో ఉన్న నిండు గింజలు కావాలి. పల్లీలు వేయించనివి కావాలి.

నాటిన నాటి నుండి పిల్లవాడు రోజూ బడి నుండి రాగానే చూసి, పాత నోటుపుస్తకంలో ఒక్క ముక్క రాయాలి. ఏది ముందు మొలిచింది? ఏది ఎన్ని వేళ్ల ఎత్తు పెరిగింది? జొన్న, సజ్జ సూదిలా ఒక్క ఆకుతో పైకి వస్తాయి. పల్లి అయితే తన రెండు పప్పులను విడదీసుకుంటూ వస్తుంది. ఈ తేడా ఎందుకని పిల్లవాడు అడిగితే తల్లికి తెలియకపోవచ్చును. తెలియదని చెప్పి, "రేపు సారును అడిగిరా బిడ్డా" అంటే చాలు. ప్రశ్న పట్టుకుని బడికి పోయే పిల్లవాడు ఆ రోజు బడి ఎగ్గొట్టడు.

శనగలు నానబెట్టినప్పుడు గుప్పెడు ఎక్కువ నానబెట్టాలి. నానిన శనగను ముడిగా పెట్టుకుని, చీపురు పుల్లలను సమంగా విరిచి అందులో గుచ్చితే ఆకారాలు తయారవుతాయి. మూడు పుల్లలు, మూడు శనగలతో త్రికోణం. నాలుగు పుల్లలు, నాలుగు శనగలతో చతురస్రం. శనగలు పచ్చిగా ఉండగానే రెండింటినీ పక్క నుండి మెల్లగా తోసి చూడాలి. చతురస్రం ఒక పక్కకు ఒరిగిపోతుంది, త్రికోణం ఒరగదు. ఒరిగే చతురస్రానికి మూల నుండి మూలకు ఇంకొక పుల్ల వేస్తే అదీ నిలబడుతుంది, ఎందుకంటే ఇప్పుడది రెండు త్రికోణాలు.

ఈ ఒక్క సంగతి తెలిసిన తరువాత పిల్లవాడిని బయటకు తీసుకుపోయి కరెంటు టవరును చూపించాలి. షెడ్డులో పనిచేసే తండ్రి అయితే, తాను రోజూ నిలబడే చోట తల ఎత్తితే కనిపించే పైకప్పు ఇనుప కమ్మీలను గీసి చూపించవచ్చును. అన్నీ త్రికోణాలే. 'మా నాయిన పనిచేసే షెడ్డు ఎందుకు కూలదు' అన్నది ఏ పుస్తకంలోనూ లేని పాఠం.

ఇటువంటి ఆటవస్తువులను దేశమంతటా ప్రచారం చేసిన అరవింద్ గుప్తా మొదట పుణెలో లారీలు తయారు చేసే కంపెనీలో ఇంజనీరు. 1978లో సెలవు పెట్టి మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ పల్లె బడులలో సైన్సు చెప్పే పనికి వెళ్లాడు. అక్కడి సంతలో దొరికే సైకిల్ వాల్వు ట్యూబు ముక్కలు, అగ్గిపుల్లలతో ఇవే ఆకారాలు కట్టించాడు. 2018లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

సోల, మానిక, ఓవర్‌టైము

లెక్కలంటే భయపడే పిల్లకు పలక ఇవ్వడం కన్నా బియ్యం కొలిచే పని అప్పగించడం మంచిది. రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక అన్నది నాయనమ్మకు నోటికి వచ్చిన లెక్క. పిల్లకు అది చెప్పకుండా, మానిక నిండడానికి ఎన్ని సోలలు పడతాయో ముందు ఊహించమనాలి, తరువాత కొలిచి చూడమనాలి. సగం, పావు అన్న మాటలకు అర్థం చేతికి తగులుతుంది. సోల, తవ్వ లేని కిరాయి గదులలో స్టీలు గ్లాసు, చెంబు ఉన్నా సరిపోతుంది. రేషన్ బియ్యం మనిషికి 6 కిలోలు అయితే ఇంట్లో అయిదుగురికి ఎంత రావాలి? ఆ లెక్క చేసిన పిల్లను దుకాణానికి వెంట తీసుకుపోతే కాటా వైపు కన్నార్పకుండా చూస్తుంది.

నాలుగు, అయిదు తరగతుల వారికి ఇంకొంచెం పెద్ద లెక్క ఇవ్వవచ్చును. రోజుకూలిని ఎనిమిది గంటలతో భాగిస్తే గంటకు ఎంత? ఓవర్‌టైముకు చట్టప్రకారం రెట్టింపు రావాలి గనుక మూడు గంటల ఓవర్‌టైముకు ఎంత? నెల చివర చేతికి వచ్చినది ఎంత? ఈ లెక్క పిల్లవాడికే కాక తండ్రికీ పనికివస్తుందని వేరే చెప్పనక్కరలేదు.

ఇక వామనగుంటలు. పీట లేకపోయినా బాధలేదు. నేల మీద సుద్దముక్కతో వరుసకు ఏడు చొప్పున రెండు వరుసలు గీస్తే పద్నాలుగు గుంటలు. గుంటకు నాలుగేసి వేస్తే ఎన్ని చింతగింజలు కావాలో పిల్లలనే లెక్కపెట్టి తెమ్మనాలి. ఊరిని బట్టి ఆట పద్ధతులు మారుతాయి, మారనివ్వండి. చెయ్యి వేయక ముందే చివరి గింజ ఎక్కడ పడుతుందో చూపు తోనే లెక్కగట్టడం ఇందులో అసలు కిటుకు. ముసలివారు దీనిలో ఇంజనీర్లను సైతం ఓడిస్తారు.

పక్క గదిలో బీహారు కుటుంబమో, ఒడిశా కుటుంబమో ఉంటే ఆ పిల్లలను కూడా ఆటలో కలుపుకోవాలి. మన పిల్లలు ఒకటి, రెండు, మూడు అంటే వాళ్లు ఏక్, దో, తీన్ అంటారు. ఒడియాలో మూడును 'తిని' అంటారు. "ఏం తిని?" అని మన పిల్లలు పడీపడీ నవ్వుతారు, ఆ నవ్వుతోనే ఇంకో భాషలో అంకెలు వచ్చేస్తాయి. తెలుగు బడిలో బిక్కమొహం వేసుకుని కూర్చునే ఆ పిల్లలకు కూడా నాలుగు తెలుగు మాటలు ఈ ఆటలోనే పట్టుబడతాయి.

నీడ మాయమయ్యే రోజు

వాకిట్లో గాని, డాబా మీద గాని ఒక కర్రను నిటారుగా నిలబెట్టి, వారానికి ఒకసారి సాయంత్రం ఒకే సమయానికి నీడ కొన వద్ద గుర్తు పెట్టించాలి. జూన్‌లో బడి తెరిచినప్పుడు మొదలుపెడితే డిసెంబరు నాటికి ఆ గుర్తులు ఉత్తరం వైపుగా జరిగి ఉంటాయి. పొద్దు దక్షిణానికి పోతే నీడ ఉత్తరానికి ఎందుకు పోతుందో పిల్లవాడే చెప్పగలుగుతాడు. హైదరాబాద్ ప్రాంతంలో ఏడాదికి రెండు రోజులు, మే 9, ఆగస్టు 3 ప్రాంతాలలో, మధ్యాహ్నం పన్నెండుంబావు వేళకు సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. నిటారుగా నిలబెట్టిన సీసాకు ఆ కొద్ది నిమిషాలు పక్కన నీడే పడదు. మన వద్ద కూడా ఒక రోజు అటూ ఇటూగా అంతే. ఢిల్లీ పిల్లలకు ఈ వేడుక లేదు. సూర్యుడు వారి నెత్తి మీదికి ఎన్నడూ రాడు. మేలో బడికి సెలవులే గనుక ఇంటిల్లిపాదీ చూడవచ్చును.

ఆటవస్తువులు కానివి

పాత సామాను తోనే ఆటలన్నాము గదా అని పిల్లలు దొరికినదల్లా తెస్తారు. ఇక్కడ మాత్రం తల్లిదండ్రులు చాలా గట్టిగా ఉండాలి. కంపెనీల నుండి బయటకు వచ్చిన నీలి డ్రమ్ములు, క్యాన్లు, పొడి అంటుకున్న సంచులు పిల్లల చేతికి రాకూడదు. కడిగినా సరే. అందులో ఏమి పోశారో మనకు తెలియదు. అడుగున మిగిలిన చుక్క చర్మాన్ని కాల్చవచ్చును, మూత తీయగానే వచ్చే ఆవిరి ఊపిరిని పట్టవచ్చును. ఆ డ్రమ్ములలో తాగే నీరు నింపుకునే ఇళ్లు ఉన్నాయి, అది ఇంకా పెద్ద ప్రమాదం. కాగితం పడవలు వేయాలన్నా ఇంట్లో తొట్టి ఉన్నది, నక్కవాగుకు పోనక్కరలేదు. ఈ ప్రాంతపు కాలుష్యం మీద 1990లోనే సుప్రీంకోర్టులో కేసు పడిందని, ఆ వాగు నీరు మంజీరలో కలుస్తుందని పెద్దవారికి తెలుసు. పిల్లలకు కూడా ఆ సంగతి చెప్పాలి. మంజీర ఎక్కడ పుట్టింది, సింగూరు ఎక్కడ, అందులో మొసళ్లు ఎక్కడ ఉంటాయి అని నేల మీద పటం గీస్తూ చెప్తే అదే భూగోళం అవుతుంది.

గోడ మీద ఒక్క మాట

అన్నింటికన్నా సులువైనది చివర చెప్తున్నాము. షిఫ్టు ఇళ్లలో తండ్రీ పిల్లలూ ఒకరినొకరు మేలుకుని చూసుకునే రోజులు వారానికి రెండు మూడుకు మించవు. ఈ లోపాన్నే చదువుగా మార్చుకోవచ్చును. తలుపు పక్కన గోడ మీద రెండు జానెల మేర నల్ల రంగు వేసి, ఒక సుద్దముక్క అక్కడ ఉంచాలి. పిల్లవాడు పడుకోబోయే ముందు తండ్రికి ఒక్క మాట రాయాలి. ఒకటవ తరగతి వాడైతే 'కంది మొలక 1' అని రాస్తాడు, అయిదవ తరగతి పిల్ల అయితే 'బాపూ, రేపు బడిలో మీటింగు, నువ్వు రావాలె' అని రాస్తుంది. తప్పులుంటే ఉండనివ్వాలి. తెల్లవారి డ్యూటీ దిగి వచ్చిన తండ్రి దాని కింద జవాబు రాసి పడుకోవాలి.

రాయడం రాని తండ్రి ఒక బొమ్మ గీయవచ్చును, ఎన్ని గంటలు పని చేశాడో అంకె వేయవచ్చును. ఆ అంకె పక్కన రేపు పిల్లవాడు అక్షరాలలో 'పన్నెండు' అని రాస్తాడు. ఇంట్లో ఫోను ఉంటే దానికీ ఒక పని ఉన్నది. పిల్లవాడు పాఠం చదువుతుండగా రెండు నిమిషాలు రికార్డు చేసి తండ్రికి పంపితే, రాత్రి టీ తాగే వేళ ఆయన వింటాడు, పక్కవాడికి కూడా వినిపిస్తాడు. సుద్దముక్క అరిగిపోతే కొత్తది కొనడం తల్లి వంతు. గోడను తుడిచే పని మాత్రం పిల్లవాడిదే, తండ్రి జవాబు చదివిన తరువాతనే తుడవాలి.